ఆ అయిదు సెకన్లు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులు కూడా ఏదైనా రాయాలని వార్డెన్ గారు కబురు చేశారు. "నీ చదువు గురించి రాయి, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఈమధ్యనే కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్సు పూర్తి చేశాం. ఒక్క మనిషి "మేము" అని రాస్తున్నాడేమిటని తమ్ముళ్ళు నవ్వుకోవద్దు. బోనకల్ హాస్టల్లో చేరిన మొదటిరోజే పెద్దపిల్లలు మాకు నేర్పిన మాట అది. కంచం పోయినా, పెట్టె తాళం పోయినా "మాది పోయింది" అనే చెప్పాలి, అప్పుడే పదిమందీ వెతుకుతారు అనేవాళ్ళు. ఆ అలవాటు ఇంకా పోలేదు.

చదువు గురించి రాయమంటే మాకు ముందుగా గుర్తుకొచ్చేది పుస్తకం కాదు, పరీక్ష కాదు. కారులో ఉండే ఒక చిన్న పెట్టె. దాని గురించే రాస్తాం. అయితే దానికంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

మా నాన్న ఆటో నడిపేవాడు. సెవెన్ సీటర్. మామూలు రోజుల్లో ఊరికీ బోనకల్‌కీ మధ్య మనుషుల్ని చేరవేసేవాడు. మిర్చి కోతలు మొదలైతే మాత్రం తెల్లవారకముందే కూలీ ఆడవాళ్ళను ఎక్కించుకుని చేలకు తీసుకుపోయేవాడు. 2013 ఫిబ్రవరిలో ఒకరోజు అలాగే బయలుదేరాడు. ఏడుగురు కూర్చోవలసిన బండిలో పన్నెండు మంది ఉన్నారు. ఆ తప్పు మాదే. అది మొదటే ఒప్పుకుంటున్నాం. కూలి గిట్టుబాటు కావాలంటే అంతమందీ ఒకే బండిలో పోవాలి, బండి కిస్తీ కట్టాలంటే నాన్న అంతమందినీ ఎక్కించుకోవాలి. తప్పు తప్పే, కారణం కారణమే.

రోడ్డు మీదినుంచి కుడిచేతి వైపు డొంకలోకి తిరగాలి. నాన్న బండి ఆపాడు. ఎదురుగా చింతచెట్టు మలుపు దాకా చూశాడు. ఏమీ రావడం లేదు. ఫస్టు గేరులో తిప్పాడు. బండి ముందు భాగం డొంకలోకి దిగింది, వెనక భాగం ఇంకా తారు మీదనే ఉంది. మలుపు తిరిగి వచ్చిన కారు ఆ వెనక భాగాన్ని కొట్టి, పక్కనే ఉన్న తుమ్మచెట్టుకు తగిలి ఆగింది. ఇది నాన్న చెప్పింది. "ఆటో ఒక్కసారిగా అడ్డం తిరిగింది, నేను యాభైకి మించి రావడం లేదు" అని కారు నడిపిన మనిషి చెప్పాడు. బండిలో ఉన్నవాళ్ళు ఒకరికెదురు ఒకరు కూర్చుని, సద్దిగిన్నెలు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. చప్పుడు విన్నామన్నారే గాని కారు ఎంత వేగంగా వచ్చిందో చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

వరసకు మాకు పెద్దమ్మ అయ్యే ఆమె అక్కడే చనిపోయింది. నాన్న కాలు విరిగింది.

మేము ఊళ్ళోనుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళాం. అప్పటికి మాకు పదేళ్ళు. చెట్టుకు ఆనుకుని ఉన్న కారులో స్టీరింగు మీదినుంచి తెల్లటి సంచి ఒకటి గాలి తీసిన బూరలాగా వేలాడుతోంది. అదేమిటో మాకు తెలియదు. పెద్ద బండ్లవాళ్ళు నిద్రవస్తే తల ఆనించుకునే దిండేమో అనుకున్నాం. ఆ తెల్ల సంచి తర్వాత చాలా ఏళ్ళు మా కలల్లోకి వచ్చింది. దాని వెనక ఏముందో మాత్రం మాకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా తెలియలేదు.

ఖమ్మం పెద్దాసుపత్రిలో కట్టు కట్టించుకుని పడుకున్న నాన్న ఒక మాట అన్నాడు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కూలిపోయి అయిదుగురు చనిపోయినప్పుడు మా వాడంతా ఒకరింట్లో టీవీ ముందు కూర్చుంది. "బ్లాక్ బాక్స్" అన్న మాట అప్పుడే విన్నాం. చివరి నిమిషాల్లో పైలట్లు ఆయిల్ ఒత్తిడి హెచ్చరికతో సతమతమైన సంగతి, హెలికాప్టరులో వాళ్ళ మాటల్ని రికార్డు చేసిన పరికరం వల్లనే విచారణలో బయటపడింది. అది గుర్తుపెట్టుకుని నాన్న అన్నాడు: "పైన తిరిగేటియ్యిటికి పెట్టె ఉంటదంట బిడ్డా. నా ఆటోకు లేకపాయె."

ఆటో పోలీసు స్టేషను ఆవరణలో తుప్పు పట్టింది. నాన్న మీద నిర్లక్ష్యం కేసు పడింది. వాయిదాలకు తిరగడానికి అమ్మ కమ్మలు పోయాయి. ఆ ఏడే మమ్మల్ని హాస్టల్లో వేశారు. ఇంట్లో ఒక పూట అన్నం మిగులుతుందని వేశారు, దాచుకోవలసిందేమీ లేదు. 2017లో సాక్ష్యం చాలదని కేసు కొట్టేశారు. నాన్న చేతులు జోడించి ఇంటికి వచ్చాడు. కాని తమ్ముళ్ళూ, "తప్పు లేదు" అనడం వేరు, "సాక్ష్యం చాలదు" అనడం వేరు. పెద్దమ్మ కొడుకు, మేము అన్నా అని పిలిచేవాడు, మా ఇంటివైపు చూడడం మానేశాడు. "మీ నాయన చూడకుండ తిప్పిండు" అని ఒకసారి మొహం మీదే అన్నాడు. అంతకంటే బాధ కలిగించింది నాన్నే. ఒకరాత్రి మంచంలో లేచి కూర్చుని, "చూసిననే అనుకుంటున్న. రానురాను నాకే తెలుస్తలేదు బిడ్డా, నిజంగ చూసిన్నా లేదా" అన్నాడు.

2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ సంస్థకు ఒకప్పుడు ఛైర్మన్‌గా ఉన్న సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర, సూర్యా నది వంతెన మీద కారు ప్రమాదంలో చనిపోయారు. అప్పుడు మేము ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాం. వెనక సీట్లో ఉన్న ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని, ఆ ఇద్దరూ పోయారని పేపర్లు రాశాయి. కొద్దిరోజులకు ఇంకో వార్త వచ్చింది. కారు తయారుచేసిన మెర్సిడెస్ బెంజ్ కంపెనీ కారులోని వివరాలు తీసి పోలీసులకు నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి అయిదు సెకన్ల ముందు కారు వేగం 100 కిలోమీటర్లు, బ్రేకు వేశాక గుద్దుకునేటప్పటికి 89 కిలోమీటర్లు అని అందులో ఉంది.

ఆ వార్తను మేము మూడుసార్లు చదివాం. కారుకు కూడా పెట్టె ఉంటుందా? అయిదు సెకన్ల ముందు సంగతి అది చెప్పగలదా? ఆ రోజునుంచి మాకు ఫిజిక్సు మార్కుల కోసం చదివే సబ్జెక్టు కాకుండా పోయింది. దొరికిందల్లా చదివాం, సార్లను విసిగించాం. తెలుసుకున్నది తమ్ముళ్ళకు అర్థమయ్యేటట్టు చెబుతాం.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న ప్రతి కారులో దాన్ని ఎప్పుడు విప్పాలో నిర్ణయించే చిన్న కంప్యూటరు ఒకటి ఉంటుంది. సాధారణంగా ముందు రెండు సీట్ల మధ్య, కింద బిగించి ఉంటుంది. కారు వేగం ఒక్కసారిగా పడిపోతే యాక్సిలరోమీటరు అనే పరికరం దాన్ని పసిగడుతుంది. మనం రెప్ప వేసేలోపలే సంచి విచ్చుకుంటుంది. చాలా కార్లలో ఈ కంప్యూటరే లెక్కలు రాసే గుమస్తా కూడా. కారు వేగం ఎంత, బ్రేకు మీద కాలు ఉందా, యాక్సిలరేటరు ఎంత తొక్కారు, డ్రైవరు బెల్టు పెట్టుకున్నాడా అన్నవి ఎప్పటికప్పుడు రాసుకుంటూ, పాతవి తుడిచేస్తూ ఉంటుంది. ఒక్కటే పలక ఉన్న పిల్లవాడు రాసి, తుడిచి, మళ్ళీ రాసినట్టు. ప్రమాదం జరిగి సంచి విచ్చుకున్న క్షణంలో ఇక తుడవడం ఆపేస్తుంది. ఆఖరి అయిదు సెకన్లు పలక మీద అలాగే మిగిలిపోతాయి.

దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. విమానాల్లో మాటల్నీ వివరాల్నీ కలిపి రికార్డు చేసే పెట్టె ఆలోచన 1950లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డేవిడ్ వారెన్‌ది. 1934లో ఆయన తండ్రి విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. ఈ సంగతి చదివినప్పుడు మాకు ఆయన ఎక్కడో ఆస్ట్రేలియావాడిగా అనిపించలేదు. కార్ల విషయానికి వస్తే, అమెరికాలో ఈ పెట్టె ఏమేమి రాసుకోవాలో చెబుతూ 2006లో నియమం చేశారు, 2012 సెప్టెంబరు నుంచి తయారైన బండ్లకు వర్తింపజేశారు. అయిదు సెకన్లు చాలవని, 20 సెకన్లు ఉండాలని 2024 డిసెంబరులో మరో నియమం ప్రకటించారు. పెట్టెలోని వివరాలు బండి యజమానివేనని 2015లో అక్కడ చట్టం చేశారు. ఐరోపా దేశాల కూటమిలో 2022 జులై నుంచి కొత్త మోడళ్ళకు, 2024 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఈ పెట్టె తప్పనిసరి.

ఇక మన దేశం. 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, 2021 ముగిసేటప్పటికి పక్క సీటుకు కూడా తప్పనిసరి చేశారు. కాబట్టి మన రోడ్ల మీద ఇప్పుడు తిరిగే కొత్త కార్లన్నిటిలో ఆ కంప్యూటరు ఉన్నట్టే. అది ఎంత రాసుకుంటుందన్నది కంపెనీని బట్టి, మోడలును బట్టి మారుతుంది. బస్సులకూ టాక్సీలకూ బండి ఎక్కడుందో చెప్పే పరికరం, ఆపదలో నొక్కే మీట ఉండాలని 2019 జనవరి నుంచి కొత్త బండ్లకు నిబంధన వచ్చింది. అందులో మూడు చక్రాల బండ్లకు మినహాయింపు ఇచ్చారు. అంటే మా నాన్న అన్న మాట ఇప్పటికీ నిజమే. ఆటోకు లేకపాయె.

కాని ఆ రోజు అక్కడ ఉన్నది ఆటో ఒక్కటే కాదు. తెల్ల సంచి విచ్చుకున్న కారు కూడా ఉంది.

ఈ ఆలోచన వచ్చాక మాకు నిద్ర పట్టలేదు. దసరా సెలవుల్లో గది మిత్రుడిని వెంటబెట్టుకుని, కొలిచే టేపు అరువు తెచ్చుకుని ఆ డొంక దగ్గరికి వెళ్ళాం. డొంక మొదలునుంచి చింతచెట్టు మలుపు దాకా 96 మీటర్లు వచ్చింది. మలుపుకు అవతల ఏ బండి ఉన్నా ఇక్కడికి కనబడదు. మా ఊళ్ళో ఆటో నడిపే మామను బతిమాలి, బండిలో బియ్యం బస్తాలు వేయించి, ఆగి, ఫస్టు గేరులో డొంకలోకి తిప్పమన్నాం. మూడుసార్లు తిప్పాడు. ఫోనులో సమయం చూస్తే మూడుసార్లూ అయిదు సెకన్లకు అటూ ఇటూగా వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇది పదో తరగతి లెక్కే. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. అయిదు సెకన్లలో కారు 69 మీటర్లు వస్తుంది. అంటే నాన్న తిప్పడం మొదలుపెట్టినప్పుడు కారు 69 మీటర్ల దూరంలో, మలుపుకు ఇవతల, కళ్ళెదుటే ఉండాలి. అలాగైతే నాన్న చూడలేదు, లేదా చూసీ తొందరపడ్డాడు. గంటకు 90 అంటే సెకనుకు 25 మీటర్లు. అయిదు సెకన్లలో 125 మీటర్లు. అలాగైతే నాన్న చూసినప్పుడు కారు ఇంకా మలుపు అవతలే ఉంది. ఆయన చూశాడు, రోడ్డు ఖాళీగానే ఉంది, ఆయన చెప్పింది నిజం. ఈ రెండింటికీ మధ్య హద్దు దాదాపు 70 దగ్గర ఉంది. ఆ వేగానికి అయిదు సెకన్లలో 97 మీటర్లు. చివర్లో బ్రేకు పడి ఉంటే లెక్క కొంచెం మారుతుంది. బ్రేకు పడిందా లేదా అన్నది కూడా ఆ పెట్టె రాసుకునేదే.

నాలుగేళ్ళ వాయిదాలు, ఒక కుటుంబంతో పగ, నాన్న నిద్ర. ఇదంతా ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. డెబ్భైకి పైనా, కిందా? ఆ అంకె ఆ తెల్ల సంచి దగ్గర్లోనే రాసి ఉండవచ్చు. అడిగినవాళ్ళు లేరు. అడగాలని మాకు తెలియదు, మా తరఫున మాట్లాడినవాళ్ళకూ తెలియదు. సంచి ఒకసారి విచ్చుకున్నాక ఆ కంప్యూటరును మామూలుగా మార్చేస్తారు. కారును బాగుచేయించుకుని తీసుకుపోయారు. తీసేసిన పెట్టె ఏ షెడ్డు మూలన ఇనుప తుక్కులో కలిసిపోయిందో.

ఇంటికి వచ్చి నాన్నకు ఇదంతా చెప్పాం. అమ్మ పప్పుచారు పోస్తూ నిలబడిపోయింది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"అది నేను చూడలేదనే చెప్పుంటే?" అన్నాడు చివరికి.

"చెప్పుండొచ్చు నాయనా. అట్ల కూడా కావచ్చు" అన్నాం. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"చెప్పనియ్" అన్నాడు. "తప్పయితే తప్పని తెలిసేది. పోయి ఆ పిల్లగాని కాళ్ళు పట్టుకునేటోన్ని. తెల్వకపోవుడే కష్టమైంది బిడ్డా."

మేము ఆ రోజు నేర్చుకున్నది ఇదీ. పెట్టె ఎవరి పక్షానా మాట్లాడదు. అది తన కారు వేగాన్నే చెబుతుంది గాని ఎదుటి బండి ఎక్కడ తిరిగిందో చెప్పదు, మలుపు దగ్గర చింతచెట్టు ఉందని చెప్పదు. ఆ మిగతా సగం టేపు పట్టుకుని మనిషే కొలవాలి. రెండూ కలిస్తేనే నిజం. పేదవాడు నిజానికి భయపడతాడని కొందరు అనుకుంటారు. మా నాన్న భయపడింది నిజానికి కాదు, నిజం ఎప్పటికీ తెలియకపోవడానికి.

తర్వాత ఒకసారి అన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన ఇప్పుడు చింతకాని మండలంలో అత్తగారి ఊళ్ళో ఉంటున్నాడు. 2021లో దళితబంధుకు ముందుగా తీసుకున్న మండలాల్లో అదొకటి. ఆయన కారు తీసుకుని కిరాయికి నడుపుతున్నాడు. బండి తుడుస్తూ, మమ్మల్ని చూసి కూడా ఆగలేదు. మేమే స్టీరింగు చూపించి, ఎయిర్‌బ్యాగ్ ఎక్కడ ఉంటుందో, దాన్ని విప్పే పెట్టె ఎక్కడ ఉంటుందో చెప్పాం. 96 మీటర్ల సంగతి చెప్పాం. నాన్న తప్పయి ఉండవచ్చన్న సంగతి కూడా దాచకుండా చెప్పాం. గుడ్డ చేతిలో పట్టుకుని విన్నాడు.

"అంటే మా అమ్మ ఎట్ల పోయిందో ఆ బండికి తెలుసన్నమాట" అన్నాడు.

ఇంకేమీ అనలేదు. మేము లేవబోతుంటే, "చాయ్ తాగి పో" అన్నాడు. ప్రమాదం జరిగాక ఆయన ఇంట్లో మేము చాయ్ తాగడం అదే మొదలు.

తమ్ముళ్ళూ, ఇదంతా చదివి జాలిపడమని రాయలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతోంది. అలాంటి ఇల్లు మన హాస్టల్లో ప్రతి గదిలో ఒకటి ఉంటుంది. అందుకే తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం, గుర్తుపెట్టుకోండి.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదం గురించి పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక నష్టపరిహార ట్రిబ్యునల్‌కు పంపాలి. కాబట్టి మొదటి రెండు రోజులూ ఏడుపులోనే గడిచిపోనివ్వకండి, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఒకరు కాగితం పట్టుకోవాలి. గుద్దిన కారులో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుని ఉంటే, దాని కంట్రోలు యూనిట్‌ను భద్రపరచాలని, అందులోని వివరాలు కంపెనీ ద్వారా తీయించాలని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. బండిని విడుదల చేయకముందే ఇవ్వండి. నకలు మీద సంతకం తీసుకోండి. మలుపు ఎంత దూరమో, చెట్టు ఎక్కడుందో ఆ రోజే కొలిచి ఫోటోలు తీయండి. వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఇక మన ఇళ్ళల్లో ఆటో నడిపే నాన్నలకూ మామలకూ చెప్పండి: ఏడుగురి బండిలో ఏడుగురే. ఏ పెట్టే ఆ తప్పును మాఫీ చేయదు.

చదువు ఎందుకని ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. ఉద్యోగం ఎప్పుడని అడుగుతారు. ఉద్యోగం రావాలి, మేమూ దానికే చదువుతున్నాం. కాని 2013లో మా ఇంట్లో పదో తరగతి లెక్క తెలిసినవాళ్ళు ఒక్కరు ఉండి, "ఆ కారు ఎంత వేగంతో వచ్చిందో ఆ బండినే అడగండి" అని ఒక్క మాట రాసి ఇచ్చి ఉంటే, ఇవాళ మా నాన్న, మా అన్న ఎట్లా ఉండేవాళ్ళో అని అనుకుంటూ ఉంటాం. ఏం అడగాలో తెలియడం కూడా చదువే.

ఇప్పటికీ ఆటోలో ఆ డొంక దాటేటప్పుడు నాన్న మలుపు వైపు చూసి, పెదవులు కదిలీ కదలనట్టు లెక్కపెడతాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మేము పక్కన కూర్చుని ఆయనతోపాటు లెక్కపెడతాం.



— పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్సు)